ఆలస్యం మీద ఐదేళ్ళు: నా పీహెచ్‌డీ అనుభవం

2025 నవంబరు 14న నా వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, అయిపోయింది. రిజిస్ట్రేషన్ చేయించుకున్నది 2020 నవంబరులో. ఈ ఐదేళ్ళూ మా మేనత్త ప్రతి సంక్రాంతికీ "ఇంకా మందు కనిపెట్టలేదేటమ్మా?" అని అడుగుతూనే ఉంది. రొమ్ము క్యాన్సర్ మీద పీహెచ్‌డీ అంటే అందరూ అదే అనుకుంటారు. నాది సోషల్ వర్క్. మైక్రోస్కోపు ఉన్న గదిలోకి కూడా వెళ్ళలేదు. రొమ్ములో ఏదో చేతికి తగిలిన రోజు నుంచి మొదటి కీమో ఎక్కిన రోజు దాకా ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వైపు తెలుగు ఆడవాళ్ళకి ఏం జరుగుతుంది, మధ్యలో రోజులన్నీ ఎక్కడ పోతాయి అన్నదే నా పని.

ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే పరిశోధన చేద్దామనుకుంటున్న పిల్లలు ముగ్గురు నలుగురు ఫోన్ చేసి ఎలా ఉంటుందక్కా అని అడిగారు. చెప్పడం మొదలుపెడితే గంట పడుతోంది. అందుకని రాసేస్తున్నాను. ఆసుపత్రి పేరు, అది ఉన్న ఊరి పేరు రాయను. రాయనని సంతకం పెట్టాను. మనుషుల వివరాలు కూడా కొంచెం మార్చాను.

మొదటి ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కరోనా రోజులు. ఆరు నెలల కోర్స్‌వర్క్ అంతా మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని ఫోన్లో విన్నాను, సిగ్నల్ అక్కడే దొరికేది. మిగతా టైమంతా చదవడం. చదివిన వాటిలో రెండు నాతో చివరిదాకా వచ్చాయి. ఒకటి 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన రిచర్డ్స్ బృందం సమీక్ష. లక్షణం కనబడ్డాక మూడు నెలలు, అంతకు మించి గడిచిన వాళ్ళలో ఐదేళ్ళు బతికిన వాళ్ళ శాతం 12 పాయింట్లు తక్కువ అని అందులో ఉంది. రెండోది 2021లో బీఎంజే అనే ఇంకో వైద్య పత్రికలో వచ్చిన ముంబయి అధ్యయనం. 1998లో అక్కడి బస్తీల్లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు నడిపారు, 1,51,538 మంది ఆడవాళ్ళతో. రొమ్ముకి ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ యంత్రం లేదు, ఏమీ లేదు. ట్రైనింగ్ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు, అంతే. అన్ని వయసులూ కలిపి చూస్తే మరణాల్లో 15 శాతం తగ్గుదల కనబడింది గానీ అది గట్టిగా తేలలేదు. యాభై దాటిన వాళ్ళలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వీధిలో ఆశ కార్యకర్త రోజూ మా గుమ్మం ముందు నుంచే వెళ్తుంది. ఆవిడకి ఆ పని ఎవరూ నేర్పలేదు.

2021 సెప్టెంబరులో నా సినాప్సిస్, అంటే పరిశోధన ప్లాను, ఒప్పుకున్నారు. టైటిల్‌లో "చికిత్సకు రావడంలో ఆలస్యం" అన్న మాట ఇంగ్లీషులో నేనే పెట్టాను. ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇక అసలు కథ ఎథిక్స్ కమిటీతో మొదలైంది. రోగులతో మాట్లాడాలంటే, పరిశోధన వల్ల వాళ్ళకి హాని జరగకుండా చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. యూనివర్సిటీ ఇచ్చిన లెటర్ చాలదు. రెండు ఆసుపత్రులకి పెట్టుకున్నాను. రెండో ఆసుపత్రి నుంచి ఈ రోజు వరకు జవాబు లేదు, ఆరు మెయిళ్ళు పంపాను, రెండుసార్లు స్వయంగా వెళ్ళాను. మీరు ఒకే చోటు ఆధారంగా ప్లాన్ వేసుకోండి, రెండోది దొరికితే అదృష్టం.

మొదటి ఆసుపత్రికి 2021 డిసెంబరు 6న ఫైలు ఇచ్చాను. పద్నాలుగు సెట్లు జిరాక్స్, స్పైరల్ బైండింగుతో కలిపి 2,900 అయింది. ఫిబ్రవరిలో మీటింగ్ అన్నారు. తెల్లవారుజామున నాలుగున్నర బస్సు ఎక్కి నాలుగు గంటలు కూర్చుని వెళ్తే కోరం లేదని వాయిదా వేశారు. ముందు రోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను, బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆఫీసులో అటెండర్‌కి ఫోన్ చేసేదాన్ని. ఆయన చెప్పింది ఎప్పుడూ తప్పలేదు. పై వాళ్ళు చెప్పింది చాలాసార్లు తప్పింది.

ఏప్రిల్‌లో మీటింగ్ జరిగింది. డాక్టర్లు నా శాంపిల్ సైజు గురించి అడిగారు, దానికి రిహార్సల్ చేసుకునే వెళ్ళాను. కమిటీలో డాక్టర్లే కాకుండా ఒక లాయరు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నియమం. ఆ మామూలు మనిషి రిటైరైన స్కూలు టీచరు. ఆవిడ అంతసేపూ మాట్లాడలేదు. చివర్లో నా ప్రశ్నాపత్రం తీసి పదకొండో ప్రశ్న మీద వేలు పెట్టారు. "మీరు ఎందుకు ఆలస్యం చేశారు?" అని ఉంది అక్కడ.

"అమ్మాయ్, కీమో ఎక్కుతున్న మనిషిని కూర్చోబెట్టి ఇది అడుగుతావా?" అన్నారు ఒడియాలో. "ఇంటికెళ్ళి ఆ రాత్రి ఆవిడ ఏమనుకుంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. మా గైడ్ మేడం నా వైపు చూడలేదు. వాష్‌రూమ్‌లో కాసేపు ఏడ్చాను, సిగ్గుతో. తర్వాత ఆ ప్రశ్న కొట్టేసి "కంతి కనబడిన దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఏమేం జరిగిందో చెప్పండి" అని మార్చాను. ఒక్క వాక్యం. నా తీసిసులో పనికొచ్చేదంతా ఆ వాక్యం వల్లే వచ్చింది.

ఇప్పుడు ఆ "కంతి" గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద రెండు నెలలు పోయాయి.

అంగీకార పత్రం రోగి భాషలో ఉండాలి. ఒడియాది తేలిగ్గానే అయింది, నేను చదివింది ఒడియా మీడియమే. తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. రాయడానికి కూర్చుంటే డిక్షనరీ తెలుగు వచ్చింది. "ఈ అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అని రాసి పక్కింటి పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ విని, "ఎవులిదే పెళ్ళి?" అంది. శుభలేఖ అనుకుంది! గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటే రాయాలని ఆయన పోరాడింది ఈ వీధుల్లో ఉండే. అదే ఊళ్ళో కూర్చుని నేను "పాల్గొనుటకు" అని రాశాను.

రెండో చిక్కు గడ్డ. నేను "రొమ్ములో గడ్డ" అని రాశాను. నియమం ప్రకారం తెలుగు కాపీని, ఇంగ్లీషు అసలు ప్రతిని చూడని ఇంకో మనిషి చేత మళ్ళీ ఇంగ్లీషులోకి చేయించాలి. పేజీకి 350 తీసుకుని ఒకాయన చేశారు. అందులో నా గడ్డ కాస్తా సెగ్గడ్డ అయి కూర్చుంది. ఆయన తప్పేం లేదు. మా అమ్మని అడిగితే చెప్పింది: గడ్డంటే నొప్పి పెడుతుంది, చీము పడుతుంది, కోస్తే పోతుంది. నొప్పి లేకుండా గట్టిగా ఉండేది కంతి. చంకలోదైతే బిళ్ళ. ఇంకా లోపలి పల్లెలకి వెళ్తే గెడ్డంటే వాగు. స్తనం అన్న మాటైతే ఎవరూ వాడరు, రొమ్ము అంటారు, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడుకుంటే చన్ను అంటారు. చివరికి "రొమ్ములో కంతి గానీ, చంకలో బిళ్ళ గానీ" అని ఖాయం చేశాను. అప్పట్లో ఇది భాష గొడవే అనుకున్నాను. ఇంటర్వ్యూలు మొదలయ్యాక తెలిసింది, ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళు కూడా దాన్ని గడ్డ అనుకునే మందు ఇచ్చారని. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి లేనిదానికి ఆసుపత్రేమిటి అని ఇంట్లో వాళ్ళంటే, సెగ్గడ్డలే అని బయటివాళ్ళన్నారు. ఈ రెండు మాటల మధ్యే నెలలు పోయాయి.

2022 జూలై 19న అనుమతి లెటర్ వచ్చింది. లెక్క వేసుకుంటే 225 రోజులు. ఆలస్యం మీద పరిశోధనకి.

ఆగస్టు 8న మొదటిసారి డే కేర్ వార్డుకి వెళ్ళాను. పొద్దున్నే తొమ్మిదికి వెళ్ళి, డ్రిప్ ఎక్కుతున్న ఒకావిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడకి ఎర్ర మందు ఎక్కుతోంది. డాక్సోరుబిసిన్ అంటారు, చూడ్డానికి రూహఫ్జా లాగుంటుంది, ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఆవిడ కళ్ళు మూసుకుని, చెయ్యి ఊపి నన్ను పొమ్మంది. అలా ఆ రోజు ముగ్గురు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒక సిస్టర్ నా దగ్గరికి వచ్చి, "మందు ఎక్కేటప్పుడు ఎవరు మాట్లాడతారు? పొద్దున్న రక్తం ఇచ్చాక రిపోర్టు వచ్చేదాకా ఖాళీగానే ఉంటారు, అప్పుడు రండి" అంది. కీమో ముందు ప్రతిసారీ రక్తకణాలు సరిపడా ఉన్నాయో లేదో చూస్తారు, తక్కువుంటే మందు ఇవ్వరు, తిరిగి పంపేస్తారు. ఆ రిపోర్టుకి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా బెంచీల మీద ఎదురుచూపు. ఇంటికి తిరిగి పంపుతారేమోనన్న టెన్షన్‌లో ఎవరితోనైనా మాట్లాడాలనే ఉంటుంది వాళ్ళకి. నా ఇంటర్వ్యూలన్నీ ఆ రెండు గంటల్లోనే అయ్యాయి. ఏ మెథడాలజీ పుస్తకంలోనూ ఇది లేదు.

సంతకం చేయలేని వాళ్ళు వేలిముద్ర వేయాలి, సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన సంతకం పెట్టాలి. నా సంచిలో ఇంకు ప్యాడు, పాత గుడ్డ ముక్కా ఎప్పుడూ ఉండేవి. వేలిముద్ర వేశాక మనవాళ్ళు ఇంకు తలకి రాసుకుంటారు కదా. మూడో రోజో నాలుగో రోజో ఒక పెద్దావిడ అలవాటు కొద్దీ బొటనవేలు తలకేసి తీసుకెళ్ళి స్కార్ఫ్ దగ్గర ఆగిపోయింది. జుట్టు లేదు. ఓ క్షణం అలాగే ఉంచి, తర్వాత నవ్వి, నా గుడ్డ ముక్క అడిగింది. అప్పటి నుంచి వేలు ఎత్తకముందే గుడ్డ అందించేదాన్ని.

తేదీలు ఇంకో పెద్ద సమస్య. "మొదట ఎప్పుడు చూసుకున్నారు?" అంటే ఎవరూ నెల, తేదీ చెప్పరు. అందుకని ఒక పసుపు కాగితం తయారు చేసుకున్నాను. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11. లాక్‌డౌన్ 2020 మార్చి. గులాబ్ తుఫాను 2021 సెప్టెంబరు 26. దీపావళి నవంబరు 4. పంచాయతీ ఓట్లు 2022 ఫిబ్రవరి. రథయాత్ర జూలై 1. వీటి మధ్య కోతలు, మామిడికాయల రోజులు, పిల్లల పరీక్షలు. ఇవి పెట్టుకుని "గులాబ్‌కి ముందా, తర్వాతా?" అని అడిగితే వారం అటూ ఇటూగా తేదీ దొరికేది.

అలా దొరికిన ఒకావిడ పి-41. పేర్లు రాయకూడదు కాబట్టి అందరూ నంబర్లే. యాభై పైబడిన మనిషి, జీడితోటల్లో కూలి పని. పిన్నీ అని పిలిచేదాన్ని. కూర్చోగానే, నేను ఏమీ అడగకముందే, "నాదే తప్పమ్మా, లేటు సేసీసినాను" అంది. అందరూ ఇలాగే మొదలుపెట్టేవారు. డాక్టర్లు "ఇంత లేటుగా వస్తే ఎలా" అని ప్రతిసారీ అనడం వల్ల అది వాళ్ళకి కంఠతా వచ్చేసింది.

పసుపు కాగితం మీద ఆవిడ రోజులు వేశాం. గులాబ్ వెళ్ళిన నాలుగైదు రోజులకి, గోడ కూలిన స్నానాలగదిలో తడికె అడ్డం పెట్టుకుని స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. దీపావళికి కూతురు ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వస్తే చెప్పింది. 34 రోజులు. ఆవిడ "లేటు" ఇంతే. మర్నాడే కూతురు ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, డిగ్రీ లేని డాక్టరు. వారం మాత్రలు, మళ్ళీ వారం మాత్రలు. సంక్రాంతి దాటాక ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో గడ్డ అని కోశారు. ముక్క తీసి పరీక్షకి పంపలేదు. పుండు మానలేదు, కట్లు కట్టించుకుంటూ పంచాయతీ ఓట్లు అయిపోయాయి, మామిడికాయలు వచ్చాయి. ఏప్రిల్‌లో స్కాన్, తర్వాత సూదితో ముక్క తీసే బయాప్సీ. ఆ సూది చప్పుడు ఆవిడ నోటితో చేసి చూపించింది, టప్పుమని. క్యాన్సర్ అని తేలాక, అది హార్మోన్లకి లొంగే రకమా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువున్న రకమా అని చూసే పరీక్షకి ముక్కని బయటికి పంపారు, ఆ రిపోర్టుకి పద్దెనిమిది రోజులు. తర్వాత కార్డు. రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు మన ఒడిశావి. ఈలోగా ఆవిడ కూతురి దగ్గర ఉండటంతో ముందు ఆంధ్రా వైపు ఆసుపత్రికే తీసుకెళ్ళారు. అక్కడ ఆ కార్డు నడవదన్నారు. మధ్యలో మహేంద్రతనయ నది దాటితే చాలు, అదే మనిషి, అదే భాష, అదే జబ్బు, కార్డు మాత్రం పరాయిది. మళ్ళీ ఇటు వచ్చి మొదటి నుంచి. జూన్ 20న మొదటి కీమో.

మొత్తం 262 రోజులు. అందులో 34 ఆవిడవి. కాగితం తిప్పి చూపిస్తే చదవలేదు గానీ, నా పెన్ను గీతల పొడవు చూసి, "ఈ చిన్నదేనేటి నాది?" అంది. అవును పిన్నీ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రక్తం రిపోర్టు వచ్చిందని పిలిచారు, వెళ్ళిపోయింది.

నా మొత్తం లెక్కలు ఇక్కడ రాయను, పేపరు ఇంకా రివ్యూలో ఉంది. 142 మందిని అడిగాను, 19 మంది వద్దన్నారు, ఐదుగురు మధ్యలో ఆపేశారు, 118 పూర్తయ్యాయి. 2022 ఆగస్టు నుంచి 2023 అక్టోబరు దాకా 71 సార్లు బస్సెక్కాను. ఇక్కడి గిరిజనుల సవర భాష మాత్రమే వచ్చిన ఆడవాళ్ళని చేర్చుకోలేకపోయాను, దుబాసీకి డబ్బు లేదు. ఆ బెంచీల మీద ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేది వాళ్ళే. అది నా పనిలో లోటు, తీసిసులోనూ అలాగే రాశాను.

నేను డాక్టర్ని కాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఒకటుంది. రోగి పక్కన వచ్చిన తోడికోడలో, చెల్లెలో, నేను సంచి సర్దుకుంటుంటే వెనకాలే వచ్చి "ఒక్కసారి ఇటు రా పాపా" అని వాష్‌రూమ్ వైపు తీసుకెళ్ళేవారు. జాకెట్టు పైకి తీసి, "ఇది కూడా అదేనా?" ఇలా ఏడుగురు. నేను ముట్టుకోకూడదు, ముట్టుకున్నా నాకేం తెలుస్తుంది. కమిటీ ముందే ఈ సంగతి అడిగి నా చేత ఒక చీటీ తయారు చేయించింది, దాని మీద ఓపీ గది నంబరు, వారం, టైము. అప్పట్లో అదంతా చాదస్తం అనుకున్నాను. చీటీ ఇచ్చి ఊరుకోకుండా ఓపీ క్యూ దాకా తీసుకెళ్ళి నిలబెట్టేదాన్ని, బస్సు తప్పిపోయినా సరే. ఆ రోజుల్లో స్నానం చేస్తుంటే నా చెయ్యి కూడా దానంతటదే చంకలోకి పోయేది.

వైద్యం గురించి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఒక సర్జన్. కేస్ షీటు వెనకాల బొమ్మ గీసి చెప్పేవారు. చాలామంది "మొత్తం తీసెయ్యమన్నాను" అని నాతో అంటుంటే అదేమిటని అడిగాను. కంతి వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా బతకడంలో తేడా లేదని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసీ ఇరవై ఏళ్ళ లెక్కలతో 2002లోనే చూపించారని చెప్పి, "కానీ రేడియేషన్‌కి వారాల తరబడి రోజూ రావాలి. నీ పేషెంట్లు ఎక్కడ ఉంటారు? ఎవరు వండి పెడతారు?" అన్నారు. రొమ్ము ఉంచాలా తియ్యాలా అన్నది బస్సు టైములు తేలుస్తున్నాయని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. 2023 ఏప్రిల్‌లో ఆయన ఎంతో సంబరంగా ఒక పేపరు చూపించారు, ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్ బడ్వే బృందంది. ఆపరేషన్‌కి కొద్ది నిమిషాల ముందు కంతి చుట్టూ మామూలు మత్తు ఇంజెక్షన్, లిడోకైన్, ఇస్తే ఐదేళ్ళు బతికిన వాళ్ళు 86.4 నుంచి 90.1 శాతానికి పెరిగారట. మన దేశంలోనే 11 ఆసుపత్రుల్లో, 1,583 మందితో చేశారు. పళ్ళ డాక్టరు దగ్గర ఇచ్చే మందే.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే డబ్ల్యూహెచ్‌ఓ కొత్త మార్గదర్శకం వచ్చింది. రోగి మొదటిసారి వైద్యుల దగ్గరికి వచ్చిన 60 రోజుల్లోగా రోగ నిర్ధారణ అయిపోవాలని అందులో ఒక లక్ష్యం. మా గైడ్ మేడం రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో పంపి "ఒక చాప్టరు పెరుగుతుంది" అన్నారు. ఏడుపొచ్చింది గానీ ఆవిడ మాటే నిజం. అప్పటిదాకా నేను ఆడవాళ్ళ రోజులు లెక్కపెడుతున్నాను. ఆ చాప్టరుతో ఆసుపత్రుల రోజులు లెక్కపెట్టాల్సి వచ్చింది. ఏ తేదీ నుంచి ఏ తేదీకి ఏమని పిలవాలో 2012 నాటి ఆర్హస్ స్టేట్‌మెంట్‌లో (క్యాన్సర్ నిర్ధారణ ఆలస్యాల మీద పరిశోధన ఎలా చేయాలో చెప్పే పత్రం) నిర్వచనాలు ఉన్నాయి, వాటి ప్రకారం అన్నీ మళ్ళీ కట్టాను. అప్పుడే టైటిల్‌లో "ఆలస్యం" తీసేసి "వ్యవధి" అని మార్చుకుందామనుకున్నాను. టైటిల్ మార్చాలంటే అప్లికేషన్, 2,000 ఫీజు, రీసెర్చ్ కమిటీ మీటింగు, అది ఆరు నెలలకోసారి. మా ఆయన "దాని కోసం ఇంకో ఆలస్యమా?" అన్నాడు. వదిలేశాను. ఇప్పుడు అట్ట మీద బంగారు అక్షరాలతో ఆ మాటే ఉంది.

ఇక మిగతావి గబగబా చెప్తాను. రాయడానికి పది నెలలు. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ మొదటిసారి 23 శాతం చూపించింది, 10 లోపు ఉండాలి. కాపీ కొట్టిందేమీ లేదు, అంగీకార పత్రం, ప్రశ్నాపత్రం, కీమో మందుల పేర్లు అన్నీ పట్టేసుకుంది. అవి పక్కన పెట్టి మళ్ళీ పెడితే 8 వచ్చింది. నాలుగు రోజుల్లో 3,500కి పేపరు అచ్చేస్తామని మెయిళ్ళు వస్తాయి, తెరవకుండా తీసెయ్యండి. 2025 జనవరిలో సబ్మిట్ చేశాను. ఒక ఎగ్జామినర్ రిపోర్టు ఏప్రిల్‌లో వచ్చింది, రెండోది సెప్టెంబరులో. ఈ నిరీక్షణలో ఎవరికీ ఫోన్ చేయకూడదు, అడగకూడదు, అదే అన్నిటికంటే కష్టం. ఐదేళ్ళ ఫీజులు, బస్సులు, జిరాక్సులు, బైండింగులు కలిపి రూ. 1,74,000 దాకా అయింది. ఫెలోషిప్ లేదు. కాలేజీలో గెస్ట్ లెక్చరర్ జీతం, మా అమ్మ చిట్టీ.

వైవాలో ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే టైటిల్ మీద. లోపల ఒక మాట, అట్ట మీద ఒక మాట, ఎందుకని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

అంగీకార పత్రంలో "ఫలితాలు మీకు తెలియజేస్తాం" అని ఒక లైను ఉంది. అందరూ రాస్తారు, ఎవరూ చేయరు. నేను నాలుగు పేజీల తెలుగు సారాంశం రాసి, ఈసారి "పాల్గొనుటకు" లేకుండా, ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను. కొన్ని నంబర్లు పని చేయడం లేదు. కొన్నిటికి భర్తలు, కొడుకులు ఎత్తి "లేదమ్మా, పోయింది" అన్నారు. అలాంటివి విన్న రోజు నాలుగైదు కంటే ఎక్కువ చేయలేకపోయేదాన్ని.

పి-41 తనే ఎత్తింది. హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర రోజూ వేసుకుంటోంది, ఐదేళ్ళు వేసుకోవాలన్నారట. మొన్న ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. జుట్టు వచ్చింది, రింగులు తిరిగి. మునుపు సాఫీగా ఉండేదట. తీసిసు కూడా పట్టుకెళ్ళాను, చూడాలని ఉందంది. ఒళ్ళో పెట్టుకుని బరువు చూసింది.

"నా పేరు ఉందేటి ఇందులో?"

"లేదు పిన్నీ, పేర్లు రాయకూడదు. మీరు పి-41."

"మరి నాను ఎక్కడున్నానో ఎలా తెలుస్తాది?"

పేజీ తీసి చూపించాను. ఆ రెండు గీతలు అచ్చులో పడ్డాయి, పొట్టిదీ పొడుగుదీ. ఆవిడ పొట్టిదాని మీద వేలు పెట్టి, కోడల్ని పిలిచి, "ఇదిగో, నాది ఇదే" అని చూపించింది. తర్వాత పెన్సిల్ ఉందా అని అడిగింది. ఉంది. పక్కన చిన్న చుక్క పెట్టమంది, పెట్టాను.